ఏడు పొలిమేరల నడక

గద్దముక్కు కోట గోడ మీంచి నీలిమందు తొట్టిలోకి దూకిన వకుళ మళ్లీ తల పైకెత్తేసరికి తూర్పున తెల్లవారుతోంది.

కోట ఆమె తలపైన ఆకాశంలో సగం ఆక్రమించి నిలబడి ఉంది. ఆ నల్లరాతి కొండ కొస గద్ద ముక్కులా ముందుకు వంగి ఉంటుంది. ఆ ముక్కు మీద ఏడంతస్తుల మేడ, మేడ చుట్టూ ఇత్తడి తొడుగుల బురుజులు, బురుజుల మీద ఎర్రపట్టు జెండాలు. కొండ పాదాన వంద నీలిమందు తొట్లు వరుసలు తీరి ఉన్నాయి. తొలి వెలుగు సోకి అవన్నీ వంద నెమలికన్నుల్లా మెరుస్తున్నాయి. దారిన పోయేవాళ్లకు ఆ దృశ్యం కన్నులపండుగ. ఆ తొట్లలో పనిచేసే ఆడవాళ్లకు మాత్రం కోట పేరు వింటేనే నోరు ఎండిపోతుంది.

అందుకు కారణం కోటకు అధిపతి అయిన దండనాయకుడు రణభేరుండుడు. తొట్ల దగ్గర తన కంటపడిన స్త్రీని మేడ మీదికి రమ్మని కబురు పెట్టేవాడు. రానన్నవాళ్లను భటులు ఈడ్చుకుపోయేవారు. వాళ్లు కిందికి దిగివచ్చేసరికి ఒక్కరికీ గొంతు ఉండేది కాదు. దండనాయకుడి కొలువులో ధూమకంఠుడనే మాంత్రికుడు ఉన్నాడు. భయంతో స్త్రీ పెట్టిన కేకను, ఆ కేకతోపాటే ఆమె గొంతును, ఎండిన సొరబుర్రలోకి లాగి బిరడా బిగించే విద్య వాడికి తెలుసు. గొంతు పోయినవాళ్లు పారిపోయినా ఏం లాభం? చెప్పడానికి మాట లేదు, రాయడానికి చదువు లేదు.

అలా పదిహేడు బుర్రలు ఆ మేడలో వేలాడుతున్నాయి. పదిహేడోది వకుళ అక్క ధవళది. మూడు రోజుల్లో అమావాస్య. ఆనాడు ధూమకంఠుడు హోమం చేస్తే ఆ గొంతులన్నీ పొగై పోతాయి, ఇక తిరిగి రావు.

వకుళ నలభై రోజులుగా మేడ మీదికి నీళ్లు మోసింది. నోరు మెదపకుండా అన్నీ చూసింది. భటులు ఎప్పుడు మారతారో, తొట్ల మురుగు ఏ తూము గుండా నదిలోకి పోతుందో లెక్క పెట్టుకుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి కనిపెట్టింది. బుర్ర కేకను మాత్రమే మింగుతుంది, మాటను మింగలేదు. ఈ తెల్లవారుజామున పిలుపు తనకే వచ్చింది. ఇద్దరు భటులు చేతులు పట్టి ఈడుస్తూ తీసుకుపోతుంటే గోడ మలుపు దగ్గర వాళ్లను విదిలించుకుని దూకేసింది.

పైన కొమ్ములు మోగాయి. బాణాలు తొట్టి నీళ్లలో చిటపటా పడ్డాయి. ఆమె ఊపిరి బిగబట్టి తూములోకి దూరింది. చీకటి, నాచు, మోకాళ్లు గీసుకుపోయే రాళ్లు. అరక్రోసు దూరం పాకి నదిలో తేలేసరికి తలనుంచి పాదాల దాకా నీలిరంగు పూసిన బొమ్మలా ఉంది. ఈత కొట్టి ఒడ్డెక్కింది. ఎదురుగా నిమ్మలవలస పొలిమేర రాయి కనిపించింది.

వకుళ తడి పైట చెంగు చింపి, కుడి మణికట్టుకు కట్టుకుని, ఆ రాయి పక్కన నిలబడింది.

రత్నగర్భ రాజ్యాన్ని అరవై ఏళ్ల కిందట ఏలిన కుముద్వతీ మహారాణి ఒక శాసనం చేసింది. దాన్ని ప్రతి ఊరి పొలిమేర రాయి మీదా చెక్కించింది. చెరచబడిన స్త్రీ గాని, చెర తప్పించుకున్న స్త్రీ గాని తన పైట చెంగు మణికట్టుకు కట్టుకుని ఏ పొలిమేరలో నిలబడినా ఆ ఊరి తలారి చేతిలో పని వదిలి రావాలి. నేరం వేరే ఊళ్లో జరిగిందని తప్పించుకోకూడదు. ఇద్దరు స్త్రీలను తోడిచ్చి, ఆమెను తరువాతి ఊరి తలారికి అప్పగించాలి. ఆ ఊరు ఇంకో ఊరికి, అలా రాజధాని మాణిక్యపురిలో ధర్మాధికారి ముందుకు చేరేదాకా. ఏ వేళప్పుడు బయటికి వెళ్లావు, ఏం కట్టుకున్నావు, ఒంటరిగా ఎందుకున్నావు అని దారిలో ఎవరూ అడగకూడదు. జరిగింది ఆమె ధర్మాధికారి ముందు ఒక్కసారే చెబుతుంది. దారి పొడవునా అడగవలసిన మాట ఒక్కటే. ప్రతి పొలిమేరలో కొత్త తలారి ఆమె ముఖంలోకి చూసి "ఇష్టమేనా?" అంటాడు. ఆమె జవాబిచ్చేదాకా ఆగుతాడు. ఆమెను అడ్డగించినవాడికి అసలు నేరస్థుడికి పడే శిక్షే పడుతుంది.

నిమ్మలవలస తలారి పరుగున వచ్చాడు. అతని వెనక ఇద్దరు స్త్రీలు వచ్చారు. వారిలో పెద్దది గవరమ్మ. చేపలు అమ్మి అమ్మి కాస్త బొంగురుపోయిన గొంతు, ఎవరికీ జడవని కళ్లు. అదే సమయానికి ఎద్దు మీద ఉప్పుబస్తాలు వేసుకుని ఒక యువకుడు ఆ దారిన వస్తున్నాడు. అతను నిజానికి రత్నగర్భ మహారాజు రెండో కొడుకు జయకేతుడు. సరిహద్దుల్లో శాసనాలు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని తండ్రి పంపితే ఉప్పు వర్తకుడి వేషంలో తిరుగుతున్నాడు. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

నీలిరంగులో వణుకుతూ నిలబడిన స్త్రీని చూసి జయకేతుడు ఆత్రంగా ముందుకు వచ్చి, అసలేం జరిగిందని అడిగాడు.

గవరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఏటి బాబూ, సదువుకున్నోడిలా ఉన్నావు. రాయి మీద ఏటి రాసుందో కనబడలేదా? అడక్కూడని మాట అడిగావు. ఇంకో ముక్క అడిగితే ముందు నిన్ను అప్పగిస్తాను."

గురుకులంలో ఆ శాసనం చెబుతున్న రోజున నిద్రపోయిన సంగతి జయకేతుడికి గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. తప్పయిందన్నాడు. తోడు వస్తానన్నాడు. అది వకుళ చెప్పాలంది గవరమ్మ. వకుళ అతన్ని, అతని ఎద్దును, ఎద్దు కళ్లలోని నిశ్చింతను కాసేపు చూసి, రావచ్చన్నట్టు తల ఊపింది.

నడక మొదలైంది. మాణిక్యపురికి ఏడు పొలిమేరలు దాటాలి. మొదటి పొలిమేర దాటారు, రెండోదీ దాటారు. అప్పగించాక తోడు వచ్చినవాళ్లు వెనక్కి పోవచ్చు. గవరమ్మ పోలేదు. ఇద్దరికి తక్కువ కాకూడదని రాసుంది గాని ఎక్కువ కాకూడదని రాయలేదని వాదించింది. రెండో ఊరి స్త్రీలూ ఆ మాటే పట్టుకున్నారు. మూడో పొలిమేర చేరేసరికి వకుళ వెనక ఆరుగురు నడుస్తున్నారు.

అక్కడ పన్నెండు మంది గుర్రపు రౌతులు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఇనుప కవచాలు, బల్లేల కొసలకు ఎర్రపట్టు కుచ్చులు, గుర్రాల నుదుట ఇత్తడి గద్దలు. జయకేతుడి చెయ్యి ఉప్పుబస్తాలోకి పోయింది. అందులో కత్తి ఉంది. కాని అతను దాన్ని తీయకముందే మూడో ఊరి తలారి వచ్చాడు. బక్కపలచని మనిషి, ఆగని దగ్గు. అతను తన కర్రతో దుమ్ములో ఒక గీత గీసి, గీతకు ఇవతల నిలబడి, దళపతి పేరేమిటని అడిగాడు. ఎందుకని దళపతి గద్దించాడు.

"శాసనం అడ్డగించినోడి పేరు సెప్పాల కదా బాబూ, అందుకు," అన్నాడు తలారి దగ్గు ఆపుకుంటూ. "మీ దండనాయకుడికి ఏ శిచ్చ పడితే అదే నీకూ. ఆయనకి మేడ ఉంది, మాంత్రికుడున్నాడు. నీకెవరున్నారు?"

దళపతి గీత వైపు చూశాడు, వెనకనున్న తన మనుషుల వైపు చూశాడు. పేరు అడిగిన దగ్గర్నుంచి వాళ్లలో ఇద్దరు గుర్రాలను మెల్లగా పక్కకు తిప్పుకుంటున్నారు. కాసేపటికి దారి తెరుచుకుంది. తలారి వకుళ ముఖంలోకి చూసి అడగవలసిన మాట అడిగాడు. ఆమె ఇష్టమేనంది. ఆ తరువాత అతను తనివితీరా దగ్గుకున్నాడు.

నాలుగో పొలిమేర దగ్గర్లో ఉందనగా గాలి ఆగిపోయింది. వెండిజరీ తెరల్లాంటి పొగమంచు పట్టపగలు నేలమీంచి లేచింది. దారి చీలింది. చూస్తుండగానే ఒకటి ఏడయింది. ఏడు దారుల చివర ఏడు పొలిమేర రాళ్లు, ఏడింటి మీదా అదే శాసనం, ఏడింటి పక్కనా అదే తుమ్మచెట్టు. నిజమైన దారి ఒక్కటే, మిగిలినవన్నీ అగాధాల మీద పరిచిన మాయ. జయకేతుడు ఒక దారిలోకి రాయి విసిరాడు. రాయి నేలలోంచి కిందికి పోయింది. అది పడిన చప్పుడు ఎంతసేపటికీ రాలేదు.

వకుళ అందరినీ కూర్చోమంది. తానూ కూర్చుని ఏడు రాళ్లనూ చూస్తూ ఉండిపోయింది. గవరమ్మ రెండుసార్లు నిట్టూర్చింది. చివరకు ఎడమనుంచి ఐదో రాయి మీదికి ఒక తొండ పాకి, మంచులోంచి పడిన ఎండకు వీపు పెట్టి తల ఆడించింది. వకుళ లేచి అటే నడిచింది. తొండకు మాయ తెలియదు, వేడి రాయే తెలుసు. వాళ్లు ఆ రాయి దాటిన మరుక్షణం మిగిలిన ఆరు దారులూ పొగలా చెదిరిపోయాయి. అక్కడ కాచుకుని ఉన్న నాలుగో ఊరి తలారి అప్పలస్వామి, ఇంతమంది ఆడవాళ్లను చూసి తలపాగా సర్దుకున్నాడు.

ఎండ పడమటికి వాలుతుండగా ఐదో పొలిమేర వచ్చింది. ఊరి పేరు తంగేడువాడ. ఊరంతా పూసిన తంగేడు పొదలు, వాటి నడుమ ఎర్రమట్టి దారి, దారి మొదట పొలిమేర రాయి. రాయి పక్కన తలారి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఎత్తయిన మనిషి, ఉతికిన పంచె, ఇత్తడి పొన్నులు వేసిన కర్ర, మెడలో తలారి పట్టెడ. పక్కన ఇద్దరు స్త్రీలు ముసుగులు వేసుకుని ఉన్నారు. అంతా పద్ధతిగా ఉంది. శాసనాన్ని మొదటినుంచి చివరిదాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా గడగడా చదివాడు. అరవై ఏళ్లలో అంత చక్కగా చదివిన తలారి లేడని అప్పలస్వామి మురిసిపోయాడు.

"ఇష్టమేనా?" అని అడిగాడు ఆ తలారి.

"ఇష్టమే, ఇష్టమే," అన్నాడు అప్పలస్వామి.

వకుళ వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"పెద్దమ్మా, ఇతను తలారి కాదు," అంది మెల్లగా గవరమ్మతో. "ఆ మాట నన్ను అడగాలి. ఇతను ఆయన్ని చూసి అడిగాడు."

నిజమే. మాట తప్పలేదు, చూపు తప్పింది. శాసనమంతా కంఠతా పట్టినవాడికి ఇష్టం అనేది ఆడదాన్ని అడగవలసిన సంగతని మాత్రం తట్టలేదు. పన్నెండేళ్లు గద్దముక్కు కోటలో బతికినవాడికి అది ఎలా తడుతుంది? వాడు ధూమకంఠుడి శిష్యుడు.

గుట్టు బయటపడగానే వాడు కర్ర నేలకు కొట్టాడు. పట్టెడ తెగి పడింది. ముసుగుల స్త్రీలిద్దరూ రెండు గడ్డిమోపులై కూలారు. తంగేడు పూలన్నీ ఒక్కసారి పసుపుపచ్చని కందిరీగలై లేచాయి. నేల పగిలి అందులోంచి ఇనుప పళ్ల తోడేళ్లు ఏడు దూకాయి. వాటి నోళ్లలోంచి నిప్పురవ్వలు రాలుతున్నాయి. శిష్యుడు నడుముకు కట్టుకున్న సొరబుర్ర విప్పి, బిరడా మీద వేలుంచి, వకుళ ముఖానికి ఎదురుగా పట్టాడు. ఆమె కెవ్వుమనడమే వాడికి కావాలి.

తోడేలు ఊపిరి ఆమె చెంపకు తగులుతోంది. వకుళ పిడికిళ్లు బిగించి మాట్లాడసాగింది. మామూలు గొంతుతో, పక్కింటావిడతో చెప్పుకున్నట్టుగా.

"ఎవరూ అరవకండి. ఇవి కరవలేవు, మేడ మీద చూశాను, అరిపించడానికే వచ్చాయి. భయం వేస్తే మాట్లాడుతూ ఉండండి. ఏదో ఒకటి చెప్పండి. పెద్దమ్మా, ఇవాళ చేపలేం పడ్డాయి?"

"ఏం పడ్డాయి నా తలకాయి, నాలుగు పరిగెలు, ఓ వాలుగ," అంది గవరమ్మ మీద పడ్డ నిప్పురవ్వలు దులుపుకుంటూ. "ఆ వాలుగ మొహం అచ్చం ఈడిలాగే ఉంది. బేరమాడారు గాని ఎవురూ కొనలేదు."

ఒకావిడ ఫక్కున నవ్వింది. ఇంకొకావిడ కోడలి వంట గురించి ఎత్తుకుంది. తొమ్మిది మంది స్త్రీలు ఇనుప తోడేళ్ల మధ్య నిలబడి కూరల గురించి, కోడళ్ల గురించి గలగలా మాట్లాడారు. ఎక్కడా ఒక్క కేక లేదు. బుర్ర ఎంతసేపు ఎదురుచూసినా దానికి దొరికింది నవ్వే. తోడేళ్లు తుప్పుపట్టి రాలిపోయాయి. ఈలోగా ఉప్పుబస్తా చీల్చి కత్తి దూసిన జయకేతుడు కందిరీగల గుంపును ఉప్పు జల్లి విడగొట్టి, శిష్యుడి మీదికి లంఘించాడు. వాడు డేగై లేవబోతే రెక్క పట్టి లాగాడు, పామై జారబోతే తోక తొక్కాడు. చివరకు వాణ్ణి మనిషి రూపానికి దించి, ఎద్దు పలుపుతో కట్టేశాడు.

బుర్ర దొర్లి వకుళ పాదాల దగ్గర ఆగింది. అది ఖాళీది కాదు, మేడలో వేలాడేవాటిలో ఒకటి. దాని లోపల ఎవరో చాలా దూరం నుంచి పిలుస్తున్నట్టు సన్నని ధ్వని వినిపించింది. వకుళ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. అది ధవళ గొంతు.

జయకేతుడు కత్తి పిడితో బుర్ర పగలగొట్టబోయాడు. పగిలితే గొంతు ధవళను వెతుక్కుంటూ పోతుందని కట్టేసి ఉన్న శిష్యుడే ఒప్పుకున్నాడు.

వకుళ బుర్రను ఒడిలోకి తీసుకుంది. "వద్దు. ఇది ధర్మాధికారి ముందే తెరుచుకోవాలి. ఇక్కడ పగలగొడితే మా అక్క ఒక్కతే మాట్లాడుతుంది. అక్కడ తెరిస్తే ఇది సాక్ష్యమై మేడలోని బుర్రలన్నీ తెరిపిస్తుంది, పదిహేడు మంది మాట్లాడతారు."

కత్తి పిడి అలాగే ఆగిపోయింది. గవరమ్మ తన కొంగు చింపి బుర్రను మూటగట్టి, వకుళ నడుముకు ముడివేసింది.

అసలు తలారి దాలయ్య పొదల్లో దొరికాడు. నోట్లో గుడ్డలు, చేతులకు కట్లు. ముసలివాడు. కట్లు విప్పగానే నీళ్లడగలేదు. తడబడుతూ వచ్చి, వకుళ ముఖంలోకి చూసి, ఇష్టమేనా తల్లీ అని అడిగి, జవాబు విన్నాకే కూలబడ్డాడు.

అప్పుడు శిష్యుడు నవ్వాడు. మీరు ఇక ఎక్కడికీ పోలేరన్నాడు. మాణిక్యపురికి వెళ్లే వంతెనను దండనాయకుడి మనుషులు మధ్యాహ్నమే నరికేశారు. నదిలో ధూమకంఠుడు సుడిగుండాలు పుట్టించాడు. దండనాయకుడు స్వయంగా మూడు వందల గుర్రాలతో బయలుదేరాడు, పొద్దుగుంకేలోపు ఇక్కడుంటాడు.

జయకేతుడు ఇక దాచలేదు. తలగుడ్డ విప్పి, దండకడియం మీది రాజముద్ర చూపించి తానెవరో చెప్పాడు. శిష్యుడి గుర్రం పొదల చాటున కట్టేసి ఉందని, దాని మీద వకుళను ఎక్కించుకుని నది ఈదుతానన్నాడు. రాజకుమారుడు మాట ఇస్తున్నాడు, మాణిక్యపురిలో ప్రతి తలుపూ తెరుచుకుంటుందన్నాడు.

అందరూ దణ్ణాలు పెట్టారు. గవరమ్మ కూడా పెట్టింది, పెట్టి నడుం మీద చేతులేసుకుంది. "రాజుగారి అబ్బాయివా? మంచిది నాయనా. ఇందాక తిట్టినందుకు ఏటనుకోకు, అనుకున్నా నానేటి సెయ్యలేను. గాని నీ మాటతో తెరిసిన తలుపు రేపు నీ మాటతోనే మూసుకుంటాది. ఈ అమ్మీ తర్వాత ఇంకో అమ్మీ వస్తే, అప్పుడు నువ్వు ఉప్పమ్ముకుంటా ఏ ఊళ్లో ఉంటావో."

వకుళ నది వైపు చూసింది. సుడులు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. "బాబూ, మీరు ఈదగలరు. నేను మునిగితే చెప్పడానికి ఇంకెవరూ లేరు. అందుకని నేను నదిలో దిగను." దాలయ్య వైపు తిరిగింది. "తాతా, దారి మూసేస్తే ఏం చెయ్యాలో రాణిగారు రాయలేదా?"

దాలయ్య కళ్లు మూసుకున్నాడు. ఆ చివరి వాక్యం రాయి అడుగున, సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. అరవై ఏళ్లలో ఎవరికీ దాని అవసరం పడలేదు. స్త్రీలు చేతులతో మట్టి తీశారు. దాలయ్య వేలితో తడుముతూ చదివాడు. నడిచే దారి మూసేస్తే ఆమె కూర్చున్న చోటికి ధర్మాధికారే నడిచి రావాలి, సూర్యుడు అస్తమించేలోపు రావాలి, కబురు అందినా రానివాడికి ఆ పీఠం లేదు. ఆలోగా ఆ ఊరి కరణం ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాయాలి. మొదటి మాట ఆకు మీద పడిన క్షణం నుంచి ఆ ఫిర్యాదు రాజ్యానిది. ఆమెను తాకినవాడు సింహాసనాన్ని తాకినవాడే.

వకుళ తంగేడు పొద నీడన కూర్చుంది. మణికట్టు చెంగులో సగం చింపి జయకేతుడి చేతికిచ్చింది. రాజకుమారుడు కాడు, కబురు తీసుకుపోయే మనిషి ఇప్పుడతను. ఆ చెంగును నుదుటికి కట్టుకుని, గుర్రాన్ని సుడుల్లోకి దూకించాడు. నీళ్లు రెండు తాటిచెట్ల ఎత్తు లేచాయి. గుర్రం మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. అవతలి ఒడ్డు రెల్లులో ఏదో కదిలినట్టయింది. అది గుర్రమో, గాలో, ఇవతలి వాళ్లకు తెలియలేదు.

తంగేడువాడ ఆడవాళ్లు ఇళ్లలోంచి ఒక్కొక్కరే వచ్చారు. పిండి చేతులతో, తడి జుట్టుతో, చంకలో బిడ్డలతో వచ్చి వకుళ చుట్టూ వరుసలుగా కూర్చున్నారు. మగవాళ్లు వాళ్ల వెనక కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఊరి కరణం వచ్చాడు. డెబ్బై ఏళ్లవాడు, దండనాయకుడి పేరు వింటే ఒళ్లు వణికే మనిషి. అయినా వచ్చాడు. తాటాకు ఒడిలో పెట్టుకుని గంటం పట్టుకున్నాడు. గంటం వేళ్ల మధ్య నిలవడం లేదు.

పడమట ఎర్రని ధూళి ఆకాశానికి లేచింది. ధూళిలో ఇత్తడి గద్దలు మెరిశాయి. వందల గిట్టల చప్పుడుకు తంగేడు పూలు రాలుతున్నాయి. తూర్పున నది అవతల ఇంకా ఎవరూ కనిపించలేదు.

"కంగారు పడకండి తాతా," అంది వకుళ. "ఆగి ఆగి చెబుతాను. మీరు అందుకునేదాకా ఉంటాను."

కరణం తల ఊపాడు. పక్కన కూర్చున్న గవరమ్మ ఆయన ముంజేతిని కింద నుంచి పట్టుకుంది. గంటం ఆకు మీద ఆనింది.

"నా పేరు వకుళ," అని మొదలుపెట్టింది.

ఆకు మీద మొదటి అక్షరం కిర్రుమంటూ పడుతుండగా, అందరికన్నా ముందున్న రణభేరుండుడి నల్లగుర్రం తంగేడువాడ పొలిమేరలోకి దూసుకొచ్చింది.